అహంకారాన్ని చంపాలా, పెంచాలా? – తెనాలి, బాపట్ల, రేపల్లె సత్సంగాల తర్వాత

(వీడియో ప్రసంగానికి అక్షర రూపం. మాట్లాడిన తీరు చెడకుండా, చదవడానికి వీలుగా అక్కడక్కడ మాత్రమే సరిచేశాం.)

 

పోయిన ఎపిసోడ్‌లో చెప్పాను కదా, మూడు ఊళ్లు తిరిగి వస్తానని. తెనాలి, బాపట్ల, రేపల్లె. మూడు రోజులు, మూడు సత్సంగాలు. నేను ధ్యానం గురించి మాట్లాడదామని నోట్సు రాసుకుని వెళ్లాను. కానీ మూడు చోట్లా తిరిగి తిరిగి ఒకటే ప్రశ్న వచ్చింది. "ఈ అహంకారాన్ని ఏం చెయ్యాలండీ?" అని. కాబట్టి ధ్యానం సంగతి వచ్చే వారం చూద్దాం. ఈ రోజు అహంకారమే.

ఇంకో కారణం కూడా ఉంది. బాపట్లలో ఒకావిడకి నేను తప్పు జవాబు చెప్పాను. అది సరిదిద్దుకోవాలి. ముందు ఆ విషయం చెప్పి, తర్వాత మిగతాది మాట్లాడతాను.

బాపట్లలో జరిగింది

సత్సంగం అయిపోయింది. అందరూ లేస్తున్నారు. వెనక వరసలో కూర్చున్నావిడ, యాభై ఏళ్లు దాటి ఉంటాయి, దగ్గరికి వచ్చారు. పదేళ్లుగా భజనకి వెళ్తున్నారట. ముందుగా వెళ్లి ఊడ్చేది, ముగ్గు వేసేది, ప్రసాదం వండేది, గిన్నెలు కడిగేది అన్నీ ఆవిడే. ఒకరోజు మొహమాటపడుతూనే "ఈసారి నేనూ ఒక కీర్తన పాడతానండీ" అన్నారట. అక్కడున్న పెద్దలు నవ్వి, "ఇన్నేళ్లు సేవ చేసినా నీకింకా ఈగో పోలేదమ్మా" అన్నారట.

ఆవిడ ఇంటికొచ్చి, నిజమే కాబోలు అనుకున్నారు. అప్పటినుంచి చంపుకుంటూనే ఉన్నారు. నన్ను అడిగిన మాట ఇది: "ఎంత చంపుకున్నా చావడం లేదండీ. రాత్రిపూట ఏడుపొస్తోంది. ఇంకా ఎంత చంపాలి?"

నాకు అప్పటికే రాత్రి భోజనానికి ఆలస్యమైంది. పదిమంది ఎదురుచూస్తున్నారు. నేను అలవాటుగా, "సాధన పెంచండమ్మా, నిదానంగా అదే కరుగుతుంది" అనేశాను. ఆవిడ తల ఊపి వెళ్లిపోయారు. కానీ వెళ్లేటప్పుడు ఆ ముఖం చూశాను. అన్నం అడిగిన మనిషికి ఉపవాసం మంచిదని చెప్పి పంపినట్టు అనిపించింది నాకు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అసలు అహంకారం అంటే ఏంటి?

ఈ మాటని మనం రెండు అర్థాల్లో వాడేసి కలగాపులగం చేసుకున్నాం. ఇంట్లో, వీధిలో అహంకారం అంటే పొగరు. "వాడికి అహంకారం తలకెక్కింది" అంటాం. శాస్త్రంలో అర్థం వేరు. వేదాంతంలో అంతఃకరణం నాలుగు రకాలుగా పనిచేస్తుంది అని చెప్తారు. మనసు, బుద్ధి, చిత్తం, అహంకారం. మనసు అటా ఇటా అని ఊగుతుంది. బుద్ధి తేలుస్తుంది. చిత్తం గుర్తుంచుకుంటుంది. అహంకారం "ఇది నాకు జరిగింది, ఇది నేను చేశాను" అని జమ కట్టుకుంటుంది. అహం అంటే నేను. కారం అంటే చేయడం. "నేను" అని చేసుకునే పని. అంతే.

ఆ పని జరక్కపోతే మనిషి బతకలేడు. పేరు పెట్టి పిలిస్తే పలకలేడు.  రెండేళ్ల పిల్ల "నాది" అని బొమ్మని గుండెకి హత్తుకుంటే మనం మురిసిపోతాం. పిల్ల ఎదుగుతోంది అనుకుంటాం. అదే "నాది" యాభై ఏళ్ల మనిషి నోట వస్తే అహంకారం అంటాం. రెండూ ఒకటే శక్తి. ఒకటి వయసుకి తగ్గట్టు ఉంది, ఇంకోటి ఎదగకుండా అక్కడే ఆగిపోయింది.

ఎదగకుండా ఆగిపోయిన పిల్లని ఏం చేస్తాం? చంపుతామా? పెంచుతాం. ఇక్కడ పెంచడం అంటే సైజు పెంచడం కాదండోయ్. పిల్లల్ని పెంచుతాం చూడండి, ఆ పెంచడం. ఈ రోజు టైటిల్ అందుకే అలా పెట్టాను.

చంపుతానంటున్నది ఎవరు?

"నేను నా అహంకారాన్ని చంపేస్తాను" అంటాం. ఆ వాక్యంలో ఎన్ని "నేను"లు ఉన్నాయో లెక్కపెట్టండి. రమణ మహర్షి దీనికి ఒక పోలిక చెప్పేవారు. మనసుతో మనసుని చంపాలనుకోవడం, దొంగనే పోలీసుని చేసి దొంగని పట్టుకు రమ్మనడం లాంటిదట. వాడు వెతుకుతూనే ఉంటాడు, దొంగ మాత్రం దొరకడు. భగవాన్ కొట్టమని చెప్పలేదు, చూడమన్నారు. ఈ నేను అనేది ఎక్కడి నుంచి వస్తోందో వెళ్లి చూడు అన్నారు. చూడటంలో హింస లేదు.

నా సంగతి చెప్తాను. చాలా ఏళ్ల క్రితం పదకొండు రోజులు మౌనం పట్టాను. ఒంటిపూట భోజనం, చాప మీద పడక. అహంకారం అంతు చూద్దామని. పన్నెండో రోజు ఇంటికొచ్చాను. మా ఇంట్లో వాళ్లు మామూలుగా "వచ్చావా, కాళ్లు కడుక్కో" అన్నారు. మౌనం గురించి ఒక్కరూ అడగలేదు. నాకు ఎంత కోపం వచ్చిందో! సాయంత్రానికి వీధిలో కనిపించిన ప్రతివాడికీ నేనే చెప్పాను, "పదకొండు రోజులు మాట్లాడలేదు తెలుసా" అని. చంపానని అనుకున్నది చావలేదు, వేషం మార్చుకుని నాకంటే ముందే ఇంటికి చేరింది. ఇంతకుముందు "నేను చదువుకున్నవాణ్ణి" అనేది. ఇప్పుడు "నేను అహం లేనివాణ్ణి" అంటోంది. రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది కాషాయం కట్టుకుని ఉంటుంది.

తెనాలిలో సత్యభామ

మొదటి రోజు తెనాలిలో ఒక రిటైర్డ్ మాస్టారు లేచి అడిగారు. "ముప్పై ఏళ్లు నన్ను సార్ సార్ అన్నారండీ. ఇప్పుడు బజార్లో ఎదురుపడితే తప్పుకుని పోతున్నారు. నాకు బాధగా ఉంటోంది. బాధ పడుతున్నందుకు మళ్లీ సిగ్గుగా ఉంటోంది. ఇంత వయసొచ్చి ఇదేం అహంకారం అని."

చూడండి, బాధ ఒకటి. ఆ బాధ మీద సిగ్గు ఇంకోటి. మొదటిది సహజం. రెండోది మనం నెత్తికెత్తుకున్న మూట.

తెనాలి అంటే నాటకాల ఊరు కదా. నేను మాస్టారికి స్థానం నరసింహారావు గారిని గుర్తు చేశాను. ఆయన పుట్టింది బాపట్లలో, 1902లో. తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాల్లో ఆడవేషాలు వేసి తెలుగుదేశం అంతా పేరు తెచ్చుకున్నారు. 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆయన సత్యభామ వేషం గురించి ఇప్పటికీ పెద్దవాళ్లు చెప్పుకుంటారు. ఆలోచించండి, తెలుగువాళ్లం నూరేళ్లుగా టిక్కెట్టు కొని మరీ ఎవరిని చూశాం? అహంకారాన్నే. సత్యభామ అంటేనే అహం. అయినా ఆవిణ్ణి మనం ఒక్కనాడూ ద్వేషించలేదు. ఎందుకని?

ఎందుకంటే కృష్ణుడు ద్వేషించలేదు. నంది తిమ్మన గారి పారిజాతాపహరణం కథ తెలుసు కదా. పారిజాత పుష్పం రుక్మిణికి ఇచ్చాడని సత్య అలిగి కోపగృహంలోకి వెళ్లింది. కోపగృహం! ఆ కథల్లో ఇంట్లో కోపానికంటూ ఒక గది ఉంది. కోపం వస్తే వెళ్లి కూర్చోవడానికి చోటుంది. కృష్ణుడు వచ్చాడు, బతిమాలాడు, తల వంచాడు. ఆవిడ కాలితో తన్నింది. అప్పుడాయన నీకెంత పొగరు అనలేదు. నీ పాదం నొచ్చిందేమో అని బాధపడ్డాడు. చెట్టునే తెచ్చిస్తానని మాటిచ్చాడు, వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు.

అంటే సత్య ఎప్పటికీ మారలేదా? మారింది. తులాభారం దగ్గర మారింది. నాటకంలో ఉన్న నగలన్నీ తక్కెట్లో వేసింది, కృష్ణుడు లేవలేదు. రుక్మిణి ఒక్క తులసిదళం వేసింది, తక్కెడ తూగింది. అక్కడ సత్యని ఎవరూ తిట్టలేదు. తన బరువెంతో తనే కళ్లారా చూసుకుంది. తన్నిన రోజునే తక్కెడ ముందు నిలబెట్టి ఉంటే ఏమయ్యేది? విరిగిపోయేది. ముందు ప్రేమ, తర్వాత తక్కెడ. ఈ వరస గుర్తుపెట్టుకోండి.

మాస్టారితో కూడా అదే అన్నాను. "ముందు ఆ బాధకి ఒక గది ఇవ్వండి సార్. ముప్పై ఏళ్లు చేసిన పని ఆగిపోయింది. లోటు ఉంటుంది. ఉందని ఒప్పుకోండి. సిగ్గుపడకండి."

జిల్లెళ్లమూడిలో భోజనం

రెండో రోజు రాత్రి బాపట్ల సంగతి చెప్పాను కదా. మర్నాడు పొద్దున్నే రేపల్లె వెళ్లాల్సింది. మనసు బాగోక ముందు జిల్లెళ్లమూడి వెళ్లాను. బాపట్లకి దగ్గరే. అమ్మ ఊరు.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. అమ్మ అసలు పేరు అనసూయాదేవి. 1923 మార్చి 28న పొన్నూరు దగ్గర మన్నవలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి పోయింది. 1936లో బాపట్లలో బ్రహ్మాండం నాగేశ్వరరావు గారితో పెళ్లయింది. ఆయన జిల్లెళ్లమూడి కరణం. ఆ ఊరికి కాపురానికొచ్చి, ఇంటిపని చేసుకుంటూనే వచ్చినవాళ్లకి అన్నం పెట్టడం మొదలుపెట్టారు. 1958 ఆగస్టు 15న అన్నపూర్ణాలయం పెట్టారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ భోజనం. కులం అడగరు, ఎందుకొచ్చావని అడగరు, నమ్ముతావా నమ్మవా అని అడగరు. 1985 జూన్ 12న అమ్మ శరీరం విడిచారు. భోజనం మాత్రం ఆగలేదు.

తల్లి లేకుండా పెరిగిన పిల్ల అందరికీ తల్లి కావడం, అదే ఒక పాఠం నాకు. అయితే ఇవాళ్టి విషయానికి కావలసింది ఇంకోటి. అమ్మ దగ్గరికి పండితులు వచ్చేవారు, వాదించడానికి వచ్చేవారు, పరీక్ష చేద్దామని వచ్చేవారు. వాళ్లలో చాలామంది రాసుకున్నదీ చెప్పుకున్నదీ ఒకటే. అమ్మ ముందు భోజనం చేసి రమ్మనేవారు. "నాన్నా" అని పిలిచేవారు. తనకి శిష్యులు లేరు, ఉన్నదంతా బిడ్డలే అన్నది ఆవిడ భావం. చివరికి అందరికీ సుగతే అన్నది ఆవిడ బోధలో ముఖ్యమైన మాట. కొందరికి కాదు, అందరికీ.

ఇప్పుడు చూడండి. గొడవ పెట్టుకుందామని వచ్చినవాడికి ఆకు ముందు కూర్చోబెట్టి అన్నం, పప్పు వడ్డిస్తే ఏమవుతుంది? వాడి అహంకారాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కడుపు నిండింది, అంతే. సగం గొడవ అక్కడే దిగిపోతుంది. ఎందుకంటే అందులో సగం ఆకలి. కడుపు ఆకలి కొంత, "నన్ను ఎవరైనా మనిషిగా చూస్తారా" అనే ఆకలి ఇంకొంత.

ఆ పూట నేను పంక్తిలో కూర్చుని తిన్నాను. నా పక్కన ఎవరో కూలి పనికి పోయే మనిషి. ఇద్దరికీ ఒకటే కూర. వడ్డించేవాళ్లకి నేను ప్రసంగాలు చేసేవాణ్ణని తెలియదు, తెలిసినా వాళ్లకి పట్టదు. చిత్రం ఏంటంటే అక్కడ నాకేం తక్కువైనట్టు అనిపించలేదు. ఆకు ముందు అందరం సమానం అయ్యాం. ఎవర్నీ కిందికి లాగలేదు, అందరినీ కూర్చోబెట్టారు. అహం కరగడం అంటే ఇలా ఉంటుందేమో అనిపించింది. అప్పుడే ఆవిడ గుర్తొచ్చారు. పదేళ్లు అందరికీ ప్రసాదం వండిపెట్టిన మనిషి, ఒక్క కీర్తన అడిగితే ఆకు వెయ్యలేదు ఎవరూ. ఆవిణ్ణి ఇంకా ఉపవాసం ఉండమని చెప్పి వచ్చాను నేను.

రేపల్లెలో గట్టు

సాయంత్రానికి రేపల్లె చేరాను. అక్కడ సత్సంగంలో రైతులు ఎక్కువ. జరిగింది జరిగినట్టు చెప్పాను. "నేను తప్పు చెప్పాననుకుంటున్నాను, మీరేమంటారు?" అని అడిగాను. ఒక పెద్దాయన, మాగాణి చేసేవాడు, లేచి ఇలా అన్నాడు.

"అయ్యా, వరి మడికి చుట్టూ గట్టు ఉంటుంది. గట్టు లేకపోతే నీళ్లు నిలవవు, నీళ్లు లేకపోతే నాటు బతకదు. కోత దగ్గర పడ్డాక గట్టుకి గండి కొట్టి నీళ్లు తీసేస్తాం. మడి ఆరితేనే కోత. గండి కొట్టడం తప్పు కాదు. నాటేసిన వారానికే గండి కొట్టినవాడు మాత్రం రైతు కాదండీ."

నేను ఇంకేం చెప్పాలి? గంటసేపు నేను చెప్పబోయేది ఆయన నిమిషంలో చెప్పేశాడు.

అహం గట్టు లాంటిది. "నేను, నా మర్యాద, నా మాట" అనే గట్టు కొంచెమైనా లేనివాడికి లోపల ఏదీ నిలవదు. ధ్యానం నిలవదు, భక్తి నిలవదు. ఎవరు ఎటు లాగితే అటు కారిపోతాడు. రామకృష్ణ పరమహంస పచ్చి నేను, పండిన నేను అని రెండు చెప్పేవారు. పచ్చిది పండాలి. పచ్చికాయని కోసి పారేస్తే పండు ఎక్కణ్ణుంచి వస్తుంది? గీతలో ఆరో అధ్యాయం ఐదో శ్లోకంలో కృష్ణుడు అర్జునుడితో చెప్పిందీ ఇదే. నిన్ను నువ్వే ఉద్ధరించుకో, నిన్ను నువ్వు కుంగదీసుకోకు అని. కుంగదీసుకోవడం సాధన అని ఎక్కడా లేదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. "నీ ఈగో చంపుకో" అనే సలహా మన సమాజంలో ఎవరు ఎవరికి ఇస్తున్నారో గమనించండి. అత్త కోడలికి, ఆఫీసరు గుమాస్తాకి, ముందు వరస వెనక వరసకి. గట్టు ఎత్తుగా ఉన్నవాడు, గట్టే లేనివాడికి గండి కొట్టుకోమంటున్నాడు. అది ఆధ్యాత్మికత కాదు. నోరు మూయించడం.

ముద్దు చేస్తే చెడిపోదా?

రేపల్లెలో ఒక కుర్రాడు అడిగాడు. "మీరిలా చెప్తే ప్రతివాడూ నా అహం చిన్నపిల్ల, దాన్ని ఏమీ అనకండి అంటాడు కదండీ?" అని. మంచి ప్రశ్న.

పెంచడం వేరు, ముద్దు చేసి చెడగొట్టడం వేరు. అమ్మ అన్నం పెడుతుంది. పిల్లాడు పక్కవాడి ఆకులోంచి లాక్కుంటే చెయ్యి పట్టుకుని ఆపుతుంది కూడా. ఆపేటప్పుడు "నువ్వు చెడ్డవాడివి" అనదు, "అది తప్పు నాన్నా" అంటుంది. తేడా అదే. నా అహం వల్ల ఇంకొకరికి దెబ్బ తగిలితే వెళ్లి క్షమాపణ అడగాల్సిందే. అందులో బుజ్జగింపు లేదు. కానీ క్షమాపణ అడిగి వచ్చాక ఇంట్లో కూర్చుని నన్ను నేను కొరడాతో కొట్టుకోనక్కర్లేదు. కొడితే ఏమవుతుందో తెలుసా? దెబ్బలు తిన్న పిల్లాడు అబద్ధాలు నేర్చుకుంటాడు. దెబ్బలు తిన్న అహం వినయం నటించడం నేర్చుకుంటుంది.

ఈ వారం ప్రాక్టీస్

మూడు చిన్న పనులు. రాసుకోండి.

ఒకటి. ఎవరో ఏదో అన్నారు, లోపల చురుక్కుమంది. వెంటనే దాన్ని తిట్టకండి. "వచ్చావా, కూర్చో" అనండి. నవ్వొచ్చినా ఫర్వాలేదు. కోపానికి ఒక గది ఇచ్చినట్టు. రెండు మూడు ఊపిరులు తీసుకోండి.

రెండు. "నీకేం ఆకలి?" అని అడగండి. జవాబు మామూలుగా మూడింటిలో ఒకటి ఉంటుంది. నన్ను గుర్తించలేదు, నాకు భయమేస్తోంది, నాకు అన్యాయం జరిగింది. గుర్తింపు అయితే, మీరు చేసిన పని మీకు తెలుసు కదా, ముందు మీరు ఒప్పుకోండి. "బాగా చేశాను" అని మనసులో మీకు మీరే చెప్పుకోండి. భయమైతే దగ్గరివాళ్లతో చెప్పుకోండి. అన్యాయం అయితే మింగకండి. మర్యాదగా, స్పష్టంగా నోరు తెరిచి చెప్పండి. న్యాయం అడగడం అహంకారం కాదు.

మూడు. పడుకునే ముందు ఐదు నిమిషాలు, "ఇవాళ నేను, నేను అన్నది ఎవరు?" అని ఊరికే చూడండి. జవాబు కోసం కుస్తీ పట్టొద్దు. కడుపు నిండిన పిల్ల తనంతట తనే నిద్రపోతుంది. ఆ నిద్రలో ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో చూడండి. పెద్దలు చెప్పిన శాంతి రుచి అక్కడ కొంచెం తెలుస్తుంది.

ఇంకొక్కటి. రోజుల తరబడి ఏడుపు, నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం ఉంటే అది సాధనలో లోపం అనుకోవద్దు. డాక్టరుకి చూపించుకోండి. జ్వరమొస్తే వెళ్లమా? అలాగే.

బాపట్ల అమ్మకి

అమ్మా, మీరు ఈ ఎపిసోడ్ చూస్తారో లేదో తెలియదు. మీకు తెలిసినవాళ్లెవరైనా చూస్తే చెప్తారని ఆశ. ఆ రోజు నేను చెప్పిన జవాబు వెనక్కి తీసుకుంటున్నాను. నా తొందరలో మీ మాట సరిగా వినలేదు. నన్ను క్షమించండి.

ఇంకా ఎంత చంపాలి అని అడిగారు. ఇక ఏమీ చంపొద్దమ్మా. మీ లోపల పాడాలని అడిగింది అహంకారం కాదు, ఆకలి. పదేళ్లు అందరికీ వడ్డించారు. ఇప్పుడు మీరూ ఒక ఆకు వేసుకుని కూర్చోండి. వాళ్లు పాడమన్నా, వద్దన్నా, రేపు పొద్దున మీ ఇంట్లో, మీ దేవుడి ముందు ఆ కీర్తన గొంతెత్తి పాడండి. తర్వాత భజనలో మళ్లీ అడగండి. సిగ్గుపడకుండా అడగండి. గండి కొట్టే రోజు వస్తే అది మీకే తెలుస్తుంది. ఇంకొకరు చెప్పక్కర్లేదు.

సరే, ఈ రోజుకి ఇంతే. వచ్చే వారం ధ్యానం గురించి, ఈసారి తప్పకుండా. భోజనం చేయనివాళ్లు ఉంటే ముందు వెళ్లి భోజనం చేయండి. నమస్కారం.